చలి వేస్తోందంటే చెయ్యెత్తమనే మనిషి

మిలాదిన్‌కు ఒకే ఒక్క అలవాటు ఉంది. ఇంట్లో చలిగా ఉందని ఎవరైనా చెబితే అతను బాయిలర్ దగ్గరికి వెళ్ళడు, చెప్పినవాళ్ళ దగ్గరికి వస్తాడు. వచ్చి, చొక్కా జేబులోంచి థర్మామీటర్ తీసి, రెండుసార్లు గట్టిగా విదిలించి, "చెయ్యెత్తండి" అంటాడు.

ఈ అలవాటు ఏ పోస్ట్‌మాన్‌కో, రొట్టెల కొట్టాయనకో ఉంటే జాయెచార్ ఊరు నవ్వుకుని ఊరుకునేది. కానీ మిలాదిన్ ఉద్యోగమే బాయిలర్‌లో బొగ్గు వెయ్యడం. సంత వెనక ఉన్న పద్నాలుగో నంబరు భవనంలో పదహారు వాటాలున్నాయి. నేలమాళిగలో కాగిన నీళ్ళు గొట్టాల గుండా ఆ పదహారు వాటాలకీ పాకుతాయి. ఆ నీళ్ళు చల్లారితే పదహారు కుటుంబాలూ కోట్లు తొడుక్కుని సూప్ తాగాలి. అలాంటిచోట, "గది చల్లగా ఉంది నాయనా" అంటే "చెయ్యెత్తండి" అనే మనిషిని ఏమనాలి?

ఏమనాలో భవన సంఘం అధ్యక్షురాలు జాగోర్కాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. "కూడికలు చెయ్యమంటే కాగితం బరువు తూచే రకం" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ భవనంలో చలి గురించి మొర పెట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మెట్లు దిగక్కర్లేదు. రేడియేటర్ గొట్టం మీద దేనితోనైనా కొడితే ఆ చప్పుడు అంతస్తులన్నీ దిగి మిలాదిన్ చెవిన పడుతుంది. మంగలి ఓబ్రాద్ ఇనప గరిటెతో, తలుపు పగలగొడుతున్నట్టు కొట్టేవాడు. జాగోర్కా ఎదురు వాటాలో ఉండే పెర్సిదా కాఫీ గిన్నెతో కొట్టేది, కాసేపయ్యాక ఎందుకు మొదలుపెట్టిందో మరిచిపోయి ఏదో పెళ్ళిపాట తాళంలోకి వెళ్ళిపోయేది. జాగోర్కా మాత్రం వీధి తలుపు తాళంచెవితో కొట్టేది. మూడు దెబ్బలు, ఒక విరామం, మళ్ళీ మూడు దెబ్బలు. తరగతిలో బల్ల మీద స్కేలు కొట్టినట్టే.

ఎవరు ఎలా కొట్టినా జరిగేది ఒకటే. బూట్ల చప్పుడు మెట్లెక్కేది. తలుపు తీస్తే బొగ్గుమసి కనుబొమలూ, జేబులో గాజు గొట్టమూ.

ఒకసారి ఓబ్రాద్ కొట్టాడు. మిలాదిన్ వచ్చి కొలిచాడు. "బాయిలర్ అరవై. మీరు ముప్పై ఆరూ ఏడు. ఇద్దరూ బాగానే ఉన్నారు. స్వెట్టర్ వేసుకోండి" అని చెప్పి దిగిపోయాడు. ఓబ్రాద్ ఆ మాటను వారం రోజులపాటు తన దుకాణంలో గడ్డం గీయించుకున్న ప్రతివాడికీ చెప్పాడు. నోట్లోకి నురగ పోతున్నా వాళ్ళు నవ్వారు.

ఇంకోసారి పెర్సిదా ఇంట్లో వాళ్ళ కులదైవం లాంటి పుణ్యపురుషుడి పండుగ. పన్నెండు మంది చుట్టాలు. బల్ల మీద పంది రోస్టు, క్యాబేజీ చుట్టలు. కిటికీ దగ్గర కూర్చున్న మరిదికి చలిగా ఉందని పెర్సిదా కాఫీ గిన్నె అందుకుంది. మిలాదిన్ వచ్చి, పండుగ శుభాకాంక్షలు చెప్పి, పెట్టిన గోధుమ ప్రసాదం ఒక చెంచా నోట్లో వేసుకుని, పన్నెండు మందినీ వరసగా చేతులెత్తించాడు. మరిదికి ముప్పై ఎనిమిదీ రెండు డిగ్రీల జ్వరం తేలింది. రోస్టు ముట్టకుండానే ఆయన్ని ఇంటికి పంపించేశాడు. మర్నాటికి, నలభై రెండేళ్ళ వయసులో, మరిదికి గవదబిళ్ళలు లేచాయి. మిగిలిన పదకొండు మందికీ అవి అంటలేదన్న సంగతి పెర్సిదాకు పట్టలేదు. పండుగనాడు అతిథిని ఆకలితో పంపించిన పాపం తన ఇంటికి తగులుతుందని మూడేళ్ళుగా చెబుతూనే ఉంది.

ఇన్ని చెప్పాక అందరూ ఒక్కచోటికే వచ్చి ఆగేవారు. "మొదటి చలికాలం చూడాల్సింది" అనేవారు. పదకొండేళ్ళ కిందట మిలాదిన్ కొత్తగా చేరినప్పుడు ఎంత బాగా కాల్చాడని. ఆ జనవరిలో మూడు రోజులు జనం బనియన్లతో తిరిగారు. పెర్సిదా కిటికీలో టమాటా విత్తనాలు నెల ముందుగా మొలకెత్తాయి. ఓబ్రాద్ బాల్కనీ తలుపు తీసి, మంచు చూస్తూ పుచ్చకాయ గురించి మాట్లాడాడు. ఆ తర్వాతే మనిషి పాడైపోయాడు. పార చేతిలోంచి జారి థర్మామీటర్ వచ్చింది.

"బొగ్గు ఎక్కడికి పోతోందో ఎవరైనా అడిగారా?" అన్నాడు ఓబ్రాద్ ఒకరోజు. ఎక్కడికీ పోవడం లేదు. కానీ ఒకసారి అడిగాక ఆ ప్రశ్న మెట్ల మీద పిల్లిలా పడుకుంది. దాన్ని దాటకుండా ఎవరూ పైకి వెళ్ళలేకపోయారు.

ఈ ఏడాది జనవరిలో కోషవా గాలి మొదలైంది. తూర్పు నుంచి వచ్చే ఆ గాలి మూడు రోజులో, ఏడు రోజులో వీస్తుందని ఊళ్ళో లెక్క. ఎనిమిదో రోజున కూడా వీస్తుంటే ఓబ్రాద్ ఒక కాగితం రాశాడు. చలి అని చెప్పినప్పుడు సదరు మిలాదిన్ బాయిలర్ సంగతి చూడకుండా నివాసుల చంకలు కొలుస్తున్నాడు గనక అతన్ని పనిలోంచి తొలగించాలి అని. తొలగిస్తే బాయిలర్ పక్కనున్న చిన్న గది కూడా ఖాళీ చెయ్యాలి. మిలాదిన్‌కు అది తప్ప వేరే ఇల్లు లేదు. ఆ సంగతి కాగితంలో రాయలేదు, రాయక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

తీర్మానం నెగ్గాలంటే పదహారింటిలో తొమ్మిది సంతకాలు కావాలి. ఎనిమిది పడ్డాయి. అధ్యక్షురాలు చివర సంతకం చెయ్యడం పద్ధతి గనక జాగోర్కా ఇంకా చెయ్యలేదు. పద్ధతి ప్రకారమే, నాలుగో అంతస్తులో ఉండే తిహోమిర్ గారి దగ్గరికి కాగితం తీసుకెళ్ళింది. ఆయన రైల్వేలో చేసి రిటైరైన డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, అరవై రెండేళ్ళ జాగోర్కాను ఇప్పటికీ అమ్మాయ్ అని పిలిచే ఒకే ఒక్కడు. కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"నేను పెట్టను, అమ్మాయ్."

కారణం అడిగింది. తనకు సంతకం చేసేటప్పుడు చెయ్యి వణుకుతుందని చెప్పాడు. ఆ మాట చెబుతూనే ఆమెకు కప్పు అంచుదాకా కాఫీ పోశాడు. ఒక్క బొట్టు ఒలకలేదు.

సమావేశం గురువారం. మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి లేచేసరికి జాగోర్కా ఇంట్లో వేడి ఆగిపోయింది.

అలా అని ఆమెకు అనిపించింది. ముందు వేళ్ళ కొసలు మంచయ్యాయి. తర్వాత వీపు మీద ఎవరో చల్లటి నీళ్ళు చిలకరించినట్టయింది. శాలువా కప్పుకుంది. దాని మీద కోటు వేసుకుంది. గోడకున్న ఉష్ణమాపకం ఇరవై రెండు చూపిస్తోంది. వేలితో దాన్ని తట్టింది. అయినా ఇరవై రెండే. పాడైపోయిందని నిర్ణయించింది. ముప్పై అయిదేళ్ళపాటు కళ్ళని కాదు కొలతని నమ్మండి అని పిల్లలకు చెప్పిన మనిషి, ఆ మధ్యాహ్నం కొలతని పక్కనపెట్టి ఒళ్ళుని నమ్మింది. కసిగా తాళంచెవి తీసుకుని గొట్టం మీద కొట్టింది. మిలాదిన్ గురువారం దాకా ఆగలేకపోయాడు కాబోలు, ఇవాళే మానేశాడు అనుకుంది. ఎంత బిగించి పట్టుకున్నా తాళంచెవి చేతిలో నిలవలేదు.

తలుపు దగ్గర మిలాదిన్ రొప్పుతున్నాడు. మూడు అంతస్తులూ పరుగెత్తి వచ్చినట్టున్నాడు.

"చెయ్యెత్తండి, టీచర్ గారూ."

"నేను పిలిచింది బాయిలర్ గురించి, మిలాదిన్ గారూ. నా ఒంటి గురించి కాదు."

"ఆ రేడియేటర్ మీద చెయ్యి పెట్టండి ముందు."

పెట్టి, వెంటనే తీసేసింది. కాలింది.

"అయితే గాలి. ఎక్కడో కిటికీ సరిగ్గా పడలేదు" అంది. పళ్ళు కొట్టుకోవడంతో కిటికీ అన్న మాటకు నాలుగు 'కి'లు వచ్చాయి.

మిలాదిన్ కిటికీలు చూడలేదు. "పదకొండేళ్ళుగా మీ చప్పుడు వింటున్నాను. మూడు కొడతారు, ఆగుతారు, మూడు కొడతారు. ఎప్పుడూ నాలుగు కాలేదు. ఇవాళ మొదటి విడత ఏడు. రెండోది లెక్కపెట్టలేకపోయాను. బాయిలర్ చల్లబడితే మనుషులు గట్టిగా కొడతారండీ, వణుకుతూ కొట్టరు. చెయ్యెత్తండి."

ముప్పై ఎనిమిదీ తొమ్మిది. ఆ థర్మామీటర్ కూడా పాడైపోయిందని జాగోర్కా వాదించింది. మిలాదిన్ దాన్ని విదిలించి, తుడిచి, తన చంకలో పెట్టుకుని అయిదు నిమిషాలు గుమ్మంలోనే నిలబడ్డాడు. ముప్పై ఆరూ ఆరు. ఆమెకు చూపించాడు. రుజువు చూపించాక వాదించడం ఆమె పద్ధతి కాదు. వెళ్ళి పడుకుంది.

అప్పటికి పెర్సిదా వచ్చేసింది. మూడు బొంతలు, ఒంటికి రాయడానికి ఒక సీసా రకియా సారా, వెనిగర్‌లో ముంచిన ఒక జత మేజోళ్ళు తెచ్చింది. ఆదివారం నాడు జాగోర్కా కిటికీ, వంటింటి తలుపు ఒకేసారి తెరిచి ఉంచడం తన కళ్ళతో చూశాననీ, ఎదురు గాలి నడుములోంచి దూరి ఉంటుందనీ చెబుతూ మొదటి బొంత పరిచింది. మిలాదిన్ దాన్ని మడతపెట్టి కుర్చీలో పెట్టాడు.

"ఒక దుప్పటి చాలు. వణుకు ఆగాక అదీ తీసేద్దాం."

"చలితో కొయ్యబారిపోతున్న మనిషి మీంచి దుప్పటి లాగేస్తావా? నీకు అమ్మ లేదా?"

"ఆవిడ ఒళ్ళు చల్లగా లేదు పెర్సిదమ్మా, కాలుతోంది. చల్లగా ఉందని ఆవిడకి అనిపిస్తోంది. ఈ బొంతలన్నీ కప్పితే ఆ వేడి ఎటు పోవాలి?"

"మరిదిని ఆకలితో పంపించావు. ఇప్పుడు దీన్ని చలికి చంపు" అంది పెర్సిదా. అయినా లిండెన్ పూల టీ కాయడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆరోగ్య కేంద్రానికి ఫోను కూడా చేసింది. సాయంత్రం డాక్టర్ వస్తుందన్నారు.

మంచం వణికిపోతోంది. జాగోర్కా కళ్ళు గది పైకప్పు వైపే ఉన్నాయి. పెర్సిదా వినకుండా, చిన్నగా అంది. "మా అమ్మ పోయే ముందు ఇలాగే వణికింది. అగ్గిలా కాలిపోతూ, చలి చలి అంది. నాకు అర్థం కాలేదు. ఇంకా కప్పుతూనే ఉన్నాను."

మిలాదిన్ బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చి కుర్చీలో, బొంత మీదే కూర్చున్నాడు. అతనికి తెలిసినది ఒక్కటే విషయం గనక దాని గురించే మాట్లాడాడు.

"మీ ఒంట్లో కూడా నాలాంటివాడు ఒకడుంటాడు, టీచర్ గారూ. బొగ్గు వేసేవాడు. మామూలు రోజుల్లో వాడికి పైనుంచి ఆర్డరు ముప్పై ఆరున్నర. అక్కడే నిలబెడతాడు. జబ్బు లోపలికి దూరిందనుకోండి. దాన్ని ఉడకబెట్టాలని పైవాళ్ళు ఆర్డరు మారుస్తారు. ముప్పై తొమ్మిదిన్నర చెయ్యరా అంటారు. వాడు వేడి చూపించే గడియారం చూస్తాడు. ఒళ్ళు ఇంకా ముప్పై ఏడు దగ్గరే ఉంది. ఏం చేస్తాడు పాపం?"

"బొగ్గు... వేస్తాడు."

"ముందు చివర గదులకి వేడినీళ్ళు ఆపేస్తాడు. అందుకే చేతులూ కాళ్ళూ మంచు. తర్వాత పార తీసుకుంటాడు. ఆ పార చప్పుడే మీ పళ్ళది. కండలన్నీ కదిలితేనే వేడి పుడుతుంది. మీకు చలి వేస్తోందంటే అబద్ధం కాదు. ఇచ్చిన ఆర్డరుకి ఉన్న వేడి తక్కువ."

"ఉండాల్సినది పైన. ఉన్నది కింద" అంది జాగోర్కా మెల్లగా. "చలి అంటే ఆ తేడా."

"మీరు చెబితే ఎంత చిన్నగా అయిపోయిందో" అన్నాడు మిలాదిన్. "ఇప్పుడు వినండి. ఈ వణుకు ఇంకో అరగంట ఉంటుంది. ఉన్న వేడి ఆర్డరుని అందుకోగానే ఆగిపోతుంది. అప్పుడు ఒళ్ళు ఇంకా కాలుతుంది గానీ చలి ఉండదు. రేపో ఎల్లుండో ఆర్డరు రద్దవుతుంది. అప్పుడంతా తలకిందులు. వేడి ఎక్కువైపోయిందని కిటికీలన్నీ తెరుస్తారు. అది చెమట. ఈ వరసలో రాకపోతే నన్ను పనిలోంచి తీసెయ్యండి."

"ఎలాగూ... తీసేస్తున్నాం కదా."

"తెలుసండీ. ఓబ్రాద్ ఆ కాగితం నా బాయిలర్ గదిలోనే కూర్చుని రాశాడు. అక్కడయితే వేళ్ళు వెచ్చగా ఉంటాయని."

అలారం గడియారాన్ని తన వైపు తిప్పమంది జాగోర్కా. భయపడ్డానికి కూడా తీరిక లేనంత శ్రద్ధగా ముల్లుని చూసింది. వణుకు ఆగేసరికి నలభై నిమిషాలైంది.

"పది నిమిషాలు తప్పారు" అంది.

"గాలి తూర్పు నుంచి కదండీ" అన్నాడు మిలాదిన్. దుప్పటి తీసి మడతపెట్టి, తడిగుడ్డ ఆమె నుదుటి మీద వేసి, బాయిలర్ చూసుకోవాలంటూ దిగిపోయాడు. సారా సీసా మూత పెర్సిదా తీసింది. మళ్ళీ పెట్టడం వృథా అని తనే కొంచెం తాగింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ఛాతీ చూసి, ఫ్లూ అంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయనీ, మాత్రలు రాస్తున్నాననీ, నీళ్ళు బాగా తాగాలనీ చెప్పింది. బొంతలు కప్పకుండా ఉండాలని ఎవరు చెప్పారని అడిగింది. బాయిలర్ ఆయన అని విన్నాక, ఆయన చెప్పినట్టే చెయ్యమంది.

గురువారం తెల్లవారేసరికి చెమట పట్టింది. జాగోర్కా తడిసిన దిండు మీద పడుకుని, ఆర్డరు రద్దయింది అనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే నవ్వొచ్చింది. సమావేశం ఆదివారానికి వాయిదా వేయించింది.

శుక్రవారం తిహోమిర్ గారు ఒక సీసా అత్తిపళ్ళ మురబ్బా పట్టుకుని ఒక అంతస్తు దిగి వచ్చాడు. సంతకం ఎందుకు పెట్టలేదో ఇప్పుడు చెప్పమంది జాగోర్కా. చేతి వణుకు సంగతి తనకు తెలుసు గనక అది వద్దంది.

ఆయన మురబ్బా మూత తిప్పుతూ చెప్పాడు. "అతను చేరిన మొదటి చలికాలం గుర్తుందా నీకు?"

ఎవరికి గుర్తులేదు అంది. బనియన్లతో తిరిగాం.

"గొట్టం కొట్టింది నేను. రెండు రోజులు, ఆపకుండా. చలి, చలి అని. అతను కొత్త. నేను ఒకసారి కొడితే పది పారలు వేసేవాడు. ఇంకోసారి కొడితే ఇంకో పది. మీరంతా టమాటా మొక్కలు చూసి మురిసిపోయారు. నేను ఇంకా కొడుతూనే ఉన్నాను. మూడోరోజు ఈ ముసలాడికి ఎంత కాల్చినా చాలదేమిట్రా అని తిట్టడానికే పైకి వచ్చాడు. నేను రేడియేటర్ పక్కన నేల మీద ఉన్నాను. న్యుమోనియా. ఆ చలిగాలిలో నన్ను వీపు మీద మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. జనవరిలో, చొక్కాతో. బాయిలర్ గదిలోంచి అలాగే వచ్చేశాడు మరి."

జాగోర్కా ఆయన ముందుకి కుర్చీ జరిపింది.

"అక్కడి డాక్టర్ అతనికి సిమెంటు సంచీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడట, జ్వరంలో చలి ఎందుకు వేస్తుందో. నేను ఏప్రిల్‌లో ఇంటికొచ్చేసరికి అతని జేబులో థర్మామీటర్ ఉంది. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? మీకు చలి వేస్తుంటే నేను బాయిలర్‌ని చూశాను, మిమ్మల్ని చూడలేదు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. కొత్తవాడి తప్పు, పరువు పోతుందని." ఆయన మూత మళ్ళీ బిగించాడు. "మీరందరూ ఆ మూడు రోజుల్ని మెచ్చుకుంటుంటే పదకొండేళ్ళుగా విని ఊరుకున్నాడు."

ఆదివారం సమావేశం బట్టలు ఉతికే గదిలో జరిగింది. జాగోర్కా శాలువాతో వచ్చింది. మిలాదిన్ వెనక, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఓబ్రాద్ కాగితం పైకి చదివాడు. బాగా చదివాడు. రోజూ అద్దం ముందు నిలబడి మాట్లాడే వృత్తి కదా. చదివాక కాగితం, కలం ఆమె ముందు పెట్టాడు.

జాగోర్కా తన సంచీలోంచి ఎర్ర కలం తీసింది. గదిలో ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు నలుగురున్నారు. నలుగురూ నిటారుగా కూర్చున్నారు.

"చలి అని చెప్పినప్పుడు బాయిలర్ చూడలేదు. ఇది నిజమే" అని టిక్కు పెట్టింది. "నివాసులను కొలుస్తున్నాడు. ఇదీ నిజమే." ఇంకో టిక్కు. "గనక తొలగించాలి." ఆ గీత మీద ఎర్ర కలం అడ్డంగా నడిచింది. "దశలన్నీ సరిగ్గా వేశావు ఓబ్రాద్. జవాబు తప్పు. ఎనిమిదో తరగతిలో కూడా నీ జబ్బు ఇదే."

కింద అయిదుకి రెండు మార్కులు వేసి కాగితం తిరిగి ఇచ్చేసింది. కారణం ఎవరో అడిగారు. సంతకం పెట్టనివాళ్ళు కారణం చెప్పక్కర్లేదని నిబంధనల్లో ఉందని చూపించింది. తిహోమిర్ గారు కిటికీలోంచి బయటికి చూశాడు. తీర్మానానికి ఇంకా ఎవరైనా అనుకూలమా, చేతులెత్తండి అని ఆవిడ అడిగితే పెర్సిదా అలవాటుగా ఎత్తింది. మిలాదిన్ అంతకంటే అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. నవ్వులో తీర్మానం కొట్టుకుపోయింది.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఉదయం జాగోర్కా కాఫీ పెట్టుకుంటూ ఉండగా గొట్టం మోగింది. ఏ అంతస్తుదో ఆమెకు వెంటనే తెలియలేదు. చెవి పెట్టి వింది. చప్పుడు అట్టడుగున నేలమాళిగలోంచి వస్తోంది. పదకొండేళ్ళలో ఎప్పుడూ అక్కడినుంచి రాలేదు. రెండు, అయిదు, మళ్ళీ రెండు, లెక్క లేకుండా.

ఆమె స్టవ్ ఆపేసి, మాత్రల పెట్టెలోంచి తన సొంత థర్మామీటర్ తీసుకుని మెట్లు దిగింది. ఆ నెలలోనే కొన్నది, ఎవరికీ చెప్పలేదు. బాయిలర్ ఎర్రగా మండుతోంది. దాని ఎదురుగా మిలాదిన్ కోటు మీద కోటు వేసుకుని, పారతో గొట్టాన్ని కొడుతున్నాడు.

"ఈసారి బొగ్గు నాసిరకం, టీచర్ గారూ. ఎంత వేసినా వేడి పుట్టడం లేదు. ఓబ్రాద్‌ని పిలిచి చూపిద్దామని."

"చెయ్యెత్తండి."

"నాకేం కాలేదు. బాయిలర్ చల్లబడింది."

"దాని మీద చెయ్యి పెట్టండి ముందు."

అతను బాయిలర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తర్వాత నోరు మూసుకుని చెయ్యెత్తాడు. ముప్పై తొమ్మిదీ ఒకటి.

అతన్ని తిహోమిర్ గారి వాటాలో పడుకోబెట్టారు. ఈసారి మోసుకెళ్ళాల్సిన పనిలేదని, గోడ పట్టుకుని తనే ఎక్కుతానని పట్టుబట్టాడు. ప్రతి అంతస్తులోనూ ఒక తలుపు తెరుచుకుంది. పెర్సిదా మూడు బొంతలతో వచ్చి, జాగోర్కా ముఖం చూసి రెండు వెనక్కి పట్టుకుపోయింది. అదే డాక్టరమ్మ వచ్చి, అదే ఫ్లూ అని, అవే మాత్రలు రాసింది.

బొగ్గు వెయ్యడానికి ఓబ్రాద్ తనంతట తనే ముందుకొచ్చాడు. దుకాణం మూసి, తెల్ల కోటుతోనే నేలమాళిగలోకి దిగాడు. బాయిలర్ వేడి చూపించే గడియారం చూడడం రాక, పొయ్యి తలుపు దాకా బొగ్గు నిండిపోయేలా పార తిప్పాడు. రెండోరోజుకి పద్నాలుగో నంబరు భవనంలో జనం బనియన్లతో మెట్ల మీదికి వచ్చారు. పెర్సిదా టమాటా విత్తనాలు వెతికింది.

మూడోరోజు మధ్యాహ్నం మిలాదిన్‌కు చెమట పట్టింది. ఆర్డరు రద్దయిందని చెప్పి లేచి కూర్చున్నాడు. దిండు తడిసింది, తిహోమిర్ గారి పైజామా తడిసింది, చేత్తో తుడుచుకుంటుంటే నుదురు మళ్ళీ తడుస్తోంది. ఇంత చెమట జ్వరానిది కాదని వృత్తిరీత్యా అతనికి తెలిసిపోయింది. చెంచా అందుకుని గొట్టం మీద కొట్టాడు. తగ్గించరా నాయనా, ఉడికిపోతున్నాం అని.

నేలమాళిగలోంచి బూట్ల చప్పుడు మొదలైంది. ఒక్కో అంతస్తూ ఎక్కింది. తలుపు తెరుచుకుంది. తెల్ల కోటు నల్లగా మారిన ఓబ్రాద్ నిలబడి ఉన్నాడు, కనుబొమల్లో మసి, చేతిలో జాగోర్కా ఇచ్చిన థర్మామీటర్.

"బాయిలర్ ఎక్కువైపోయింది ఓబ్రాద్" అన్నాడు మిలాదిన్. "దాని తలుపు కాస్త తెరిచి పెట్టు."

ఓబ్రాద్ గాజు గొట్టాన్ని రెండుసార్లు విదిలించాడు. మణికట్టు ఇంకా తిరగలేదు గానీ నేర్చుకుంటున్నాడు.

"బాయిలర్ సంగతి తర్వాత, బాబాయ్" అన్నాడు. "చెయ్యెత్తండి."